ఊడిన పన్ను మళ్ళీ నిలవాలంటే: జిల్లా విద్యాశాఖాధికారి గారికి, బడి మాస్టార్లకు బహిరంగ లేఖ

కోనసీమ జిల్లా విద్యాశాఖాధికారి గారికి, జిల్లాలోని హెడ్మాస్టర్లకు, ఆటలు నేర్పే పీఈటీ మాస్టార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

నేను ఈ జిల్లాలోనే ఒక చిన్న ఊళ్ళో పంటి ఆసుపత్రి నడుపుకుంటున్న దంత వైద్యురాలిని. మీ శాఖను నేను అడిగేది ఒక్క కాగితం. బడిలో పిల్లలకు దెబ్బ తగిలి ముందు పన్ను ఊడిపోతే, అది పాలపన్ను కాకపోతే, దగ్గరున్న టీచరు దాన్ని వెంటనే తిరిగి చిగుళ్ళలో అది ఊడివచ్చిన గుంటలో పెట్టవచ్చని, పెట్టలేకపోతే పాలల్లో వేసి పిల్లతో సహా తిన్నగా పంటి డాక్టరు దగ్గరికి పంపాలని ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఒక పన్ను కోసం సర్క్యులరా అని నవ్వుకోకండి. ఆ కాగితం లేకపోవడం వల్లే చాలా పళ్ళు పోతున్నాయి.

దెబ్బకు ఊడిన పన్ను నా దగ్గరికి రకరకాలుగా వస్తుంది. రఫ్ నోట్సు కాగితంలో పొట్లం కట్టుకుని వస్తుంది. అగ్గిపెట్టెలో వస్తుంది. డెట్టాల్‌లో ముంచిన దూదిలో వస్తుంది. చాలాసార్లు అసలు రానే రాదు. "గ్రౌండులో ఎక్కడో పడిపోయిందండి, ఇంక దాంతో పనేముందిలే అని వెతకలేదండి" అంటారు. పాలపన్నుకు చేసినట్టే పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేసి వచ్చిన నానమ్మలు కూడా ఉన్నారు. పాలపన్ను ఊడిన చోట కొత్తది వస్తుంది కాబట్టి కప్పు మీదికి విసిరినా నష్టం లేదు. ఎనిమిదో ఏడు దాటాక ఊడే పై ముందు పన్నుకు వెనక ఇంకోటి లేదు.

ఆ మధ్య ఒక హైస్కూల్ నుంచి ఏడో తరగతి పాపను తీసుకొచ్చారు. కబడ్డీ ఆడుతుంటే ఎదుటి పిల్ల మోచెయ్యి తగిలింది. వెంట వచ్చిన పీఈటీ మాస్టారి మెడలో విజిల్ ఇంకా వేలాడుతూనే ఉంది, చొక్కా చేతి మీద రక్తం మరక. జేబులోంచి పొట్లం తీసి టేబుల్ మీద పెట్టారు. లెక్కల నోట్సు కాగితం. విప్పితే లోపల పన్ను కాగితానికి అంటుకుపోయి ఉంది, ఇంకు దాని మీదికి దిగింది. మెల్లగా ఊడదీస్తే వేరు పొడుగునా కాగితం పీచు. వేరు ఎంత తెల్లగా ఉందంటే, ఆ తెలుపు చూడగానే నాకు విషయం అర్థమైపోయింది. "మట్టి అంటుకుందండి. పంపు దగ్గర సబ్బు పెట్టి శుభ్రంగా కడిగానండి, బ్రష్షుతో రుద్దాను కూడా" అన్నారాయన. పాపం, ఎంతో శ్రద్ధగా చేశారు. ఆటస్థలమంతా వెతికి ఆ పన్ను పట్టుకున్నది కూడా ఆయనే. ఆ మనిషికి, మీరు కడిగేసింది మట్టిని కాదండీ, పన్నును బతికించే పొరను అని ఎలా చెప్పను?

ఆ పొర గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మొత్తం విషయం అక్కడే ఉంది. పన్ను ఎముకలో మేకులా దిగ్గొట్టినట్టు ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నటి నారల్లాంటి పొర ఉంటుంది. పన్ను ఊడినప్పుడు ఆ పొర చిరిగి సగం గుంటలో మిగిలిపోతుంది, సగం వేరును అంటిపెట్టుకుని బయటికి వస్తుంది. వేరు మీది ఆ సగంలో కణాలు ఇంకా బతికే ఉంటాయి. అవి బతికుండగా పన్నును గుంటలో పెడితే రెండు సగాలూ మళ్ళీ అతుక్కుంటాయి. డెల్టాలో పుట్టినవాళ్ళకు ఇది తేలిగ్గానే బోధపడుతుంది. పీకిన నారును గట్టు మీద ఎండలో పడేసి మధ్యాహ్నం నాటితే ఏమవుతుందో, వేళ్ళకు పట్టిన మట్టి దులపాలని నేలకేసి రుద్దితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

గాలికి ఆరిపోతూ 30 నిమిషాలు ఉంటే ఆ కణాల్లో ఎక్కువ భాగం చచ్చిపోతాయి. గంట దాటితే దాదాపు ఏమీ మిగలవు. పావుగంట లోపల గుంటలోకి వెళ్ళిన పన్నుకు బతికే అవకాశం బాగా ఉంటుంది. అంతర్జాతీయ దంత గాయాల వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ నిమిషాల లెక్క మీదే నడుస్తాయి.

ఇక మన దగ్గర ఆ నిమిషాలు ఎలా గడుస్తాయో చూడండి. దెబ్బ తగలగానే పిల్లను స్టాఫ్ రూములో కూర్చోబెట్టి ఇంటికి ఫోను చేస్తారు. అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది, నాన్న చేలోనో రొయ్యల చెరువు దగ్గరో ఉంటాడు. అమ్మమ్మ వస్తుంది. ఆవిడ భయపడిపోయి ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్తుంది. ఆయన ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజెక్షను చేసి, నొప్పి బిళ్ళలు ఇచ్చి, రేపు పంటి డాక్టరుకు చూపించండి అంటాడు. గోదావరి పాయల మధ్యనుండే లంక గ్రామమైతే పడవ కోసమో పంటు కోసమో రేవులో నిలబడాలి. వరదల రోజుల్లో అదీ ఉండదు. అమలాపురమో రాజోలో రావులపాలెమో చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటితే మా డాక్టర్లం సగం మంది సాయంత్రం దాకా క్లినిక్ మూసేస్తాం. అది మా తప్పే, దాని సంగతి తర్వాత చెప్తాను. కాబట్టి ఆ మొదటి పావుగంటలో పిల్ల పక్కన ఉండే డాక్టరు ఎవరూ లేరు. ఉన్నది మీరే.

చెయ్యాల్సిన పని కష్టమైంది కాదు. ముందు పిల్ల తల సంగతి చూడండి. స్పృహ తప్పినా, వాంతి అయినా, మాట తడబడినా, మొహం ఎముక విరిగినట్టు కనిపించినా పన్ను సంగతి పక్కన పెట్టి 108కి ఫోను చెయ్యండి. అలాంటివేమీ లేకపోతే పిల్లను కూర్చోబెట్టి, ఒకరిని పన్ను వెతకడానికి పంపండి. దొరికిన పన్నును నోట్లో బయటికి కనిపించే తెల్లటి భాగం దగ్గరే పట్టుకోవాలి, వేరును ముట్టుకోకూడదు. మట్టి ఉంటే పాలతోనో సెలైన్‌తోనో పైపైన పోసి కడగండి. అవేమీ అందుబాటులో లేకపోతే చల్లటి మంచినీళ్ళతో ఒక్క క్షణం కడిగితే చాలు. సబ్బు, డెట్టాల్, బ్రష్షు, గుడ్డ, గోరు ఏవీ వేరుకు తగలకూడదు. నునుపుగా, కొంచెం ఉబ్బెత్తుగా ఉన్న వైపు పెదవి వైపుకు రావాలి. పక్క పన్నును చూస్తే తెలిసిపోతుంది. గుంటలో పెట్టి వేలితో నెమ్మదిగా నొక్కండి. పక్క పన్ను ఎత్తుకు వచ్చేదాకా దిగుతుంది. తర్వాత శుభ్రమైన చేతిరుమాలు మడిచి ఇచ్చి, మెల్లగా కరిచి పట్టుకోమనండి. అలాగే బండెక్కించి పంపండి. నొప్పి పుడుతుందని జంకుతారు కానీ, అప్పుడే దెబ్బ తిన్న చోట మొద్దుబారి ఉంటుంది, చాలామంది పిల్లలు మీరనుకున్నంత ఏడవరు. కాస్త వంకరగా పెట్టినా కంగారు లేదు, అది సరిచెయ్యడానికే నేనున్నాను. రెండు వారాలు సన్నటి తీగతో పక్క పళ్ళకు కట్టి ఉంచుతాం, వేరు పూర్తిగా ఎదిగిన పన్నైతే ఆ రెండు వారాల్లోనే రూట్ కెనాల్ మొదలుపెడతాం. టీటీ, యాంటీబయాటిక్ కూడా మేమే చూసుకుంటాం.

ఇదంతా విన్నాక నాకు తెలిసిన ఒక పీఈటీ మేడమ్ అన్న మాట రాస్తాను. "మీరు చెప్పింది బాగానే ఉందండీ. కానీ పిల్ల నోట్లో నేను చెయ్యి పెట్టి, రేపు ఆ పన్ను నిలబడకపోతే, టీచరే పాడు చేసిందని వాళ్ళ బాబాయి బడి ముందు గొడవ చేస్తే నా పక్కన ఎవరుంటారు? ముట్టుకోకుండా పంపేస్తే నన్నెవరూ ఏమీ అనరు." ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు. ఏమీ చెయ్యని మనిషిని ఎవరూ తప్పు పట్టరు, చేసిన మనిషికే సంజాయిషీ నోటీసు వస్తుంది. రోడ్డు మీద ప్రమాదంలో పడ్డవాళ్ళకు సాయం చేసినవాళ్ళను కోర్టుల చుట్టూ తిప్పకూడదని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి రాశారు. బడి ఆటస్థలంలో మంచి మనసుతో ముందుకొచ్చిన టీచరుకు కనీసం మీ శాఖ సంతకం ఉన్న ఒక పేజీ అండగా ఉండాలి కదా. నేను సర్క్యులర్ అడిగింది అందుకు. అందులో ఇంకో వాక్యం కూడా ఉండాలి: పన్ను ఊడిన పిల్లను పెద్దవాళ్ళు వచ్చేదాకా బడిలో ఆపి ఉంచకూడదు, వాళ్ళకు ఫోనులో చెప్పి ఆసుపత్రి దగ్గరే కలవమనాలి. జూన్‌లో అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రుల సంతకాలు ఎన్నో తీసుకుంటారు. దీనికీ ఒకటి తీసుకుంటే అమ్మమ్మకూ టెన్షన్ ఉండదు, టీచరుకూ ఉండదు.

ఇంత చెప్పినా కొందరికి చెయ్యి ఆడదు, అది సహజమే. కొందరు పిల్లలు నోరు తెరవరు. గుండె జబ్బుకు మందులు వాడుతున్న పిల్లలకు పన్ను తిరిగి పెట్టాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి. ఇలాంటప్పుడు పాలు. పాలల్లో ఉప్పులూ పులుపూ ఇంచుమించు మన ఒంటికి సరిపడేంతే ఉంటాయి కాబట్టి కణాలు కొన్ని గంటలైనా తట్టుకుంటాయి. మంచినీళ్ళలో అలా కాదు, నీళ్ళు పీల్చుకుని ఉబ్బి పగిలిపోతాయి. ఏమీ దొరకనప్పుడు ఎండబెట్టడం కంటే నీళ్ళే నయం, అంతవరకే. పాలు చల్లగా ఉండాలి. టీ కొట్టులో మరుగుతున్న పాలల్లో వెయ్యకండి, మజ్జిగలో వెయ్యకండి. డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిన మధ్యాహ్న భోజనం వండే గదిలో గుడ్లుంటాయి గానీ పాలుండవు. చాలాచోట్ల బడి పక్కనే అంగన్‌వాడీ ఉంటుంది, అక్కడ పాలుంటాయి. లేదంటే కిరాణా కొట్టులో పాల ప్యాకెట్టు. అదీ దొరకకపోతే ఒక గ్లాసులో పిల్ల చేతే ఉమ్మించి, పన్ను ఆ ఉమ్ములో మునిగేలా ఉంచండి. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కానీ పంపు నీళ్ళకన్నా ఎంతో మేలు. బుగ్గలో పెట్టుకోమని కొందరు చెప్తారు. ఏడుస్తున్న పిల్ల దాన్ని మింగేస్తే కొత్త తలనొప్పి, గ్లాసే మంచిది.

బొండాం నీళ్ళు పనికిరావా అని ఈ జిల్లాలో అడగని మనిషి లేడు. అడగడంలో న్యాయం ఉంది, ప్రతి బడి గోడ అవతలా కొబ్బరి తోటే. దీని మీద పరిశోధనలు జరిగాయి. కొబ్బరి నీళ్ళు బాగా పనిచేశాయని ఒక చోట తేలితే, మరో చోట పాలకంటే వెనకబడ్డాయి, ఎందుకంటే వాటిలో పులుపు గుణం ఎక్కువ. 2020 మార్గదర్శకాల్లో పాలు మొదట ఉన్నాయి, లాలాజలం, సెలైన్ ఉన్నాయి, కొబ్బరి నీళ్ళు లేవు. బొండాం పిల్లకు తాగించండి, పన్నును పాలల్లో వెయ్యండి.

బడి బీరువాలో మాత్రం పాలు నిలవ ఉంచలేరు కాబట్టి ఒక సెలైన్ బాటిల్, గాయాలకు కట్టే శుభ్రమైన గాజు గుడ్డ, మూత గట్టిగా పట్టే చిన్న డబ్బా ఉంచండి. బీరువా తాళం హెడ్మాస్టరు గారి జేబులో ఉండి, ఆయన మండల మీటింగుకు వెళ్ళినప్పుడే పిల్లలు పడతారు. పీఈటీ దగ్గరా ఒక తాళం ఉండాలి.

పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకండి. లోపల తయారవుతున్న అసలు పన్నుకు దెబ్బ తగులుతుంది. అంగన్‌వాడీ పిల్లలకు, ఒకటో తరగతి పిల్లలకు ఊడేవి దాదాపు అన్నీ పాలపళ్ళే. పై ముందు పళ్ళు ఏడెనిమిదేళ్ళకు మారతాయి. కొత్తగా వచ్చిన పన్ను వెడల్పుగా, కాస్త పసుపు ఛాయలో, అంచున రంపం పళ్ళలా ఉంటుంది. పాలపన్ను చిన్నగా, తెల్లగా ఉంటుంది. తేల్చుకోలేకపోతే గుంటలో పెట్టకుండా పాలల్లో వేసి తెచ్చెయ్యండి, మేం చూస్తాం.

పన్ను ఊడకుండా విరిగితే ఇంత కంగారు అక్కర్లేదు గానీ, విరిగిన ముక్కను పారెయ్యకండి. దాన్నీ పాలల్లోనో నీళ్ళలోనో తడిగా ఉంచి తెస్తే చాలాసార్లు అదే ముక్కను అంటించేస్తాం. రంగూ ఆకారమూ పిల్లవే కాబట్టి ఏ సిమెంటూ అంత బాగా కలవదు. ముక్క దొరకలేదు, పెదవి తెగింది అంటే పెదవిలోనే ఇరుక్కుని ఉండవచ్చు. ఆ సంగతి మాకు చెప్తే ఎక్స్‌రే తీస్తాం. దగ్గు ఆగకుండా వస్తుంటే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందేమోనని ఆసుపత్రికి పంపాలి. విరిగిన చోట గులాబీ రంగు చుక్కో రక్తమో కనిపిస్తే లోపలి నరం బయటపడినట్టు, ఆ రోజే రావాలి. లవంగ నూనె, పసుపు, కాఫీ పొడి అక్కడ పెట్టకండి. దెబ్బ తగిలిన పన్ను పైకి బాగానే ఉండి కదులుతున్నా, లోపలికి దిగిపోయినట్టున్నా అంతే, "రెండు రోజులు చూద్దాం" అనకండి.

ఆలస్యమైందని తేవడం మానెయ్యకండి, ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాను. పైన చెప్పిన పాప పన్నును కూడా నేను తిరిగి పెట్టాను. అలాంటి పన్ను పొర లేక నేరుగా ఎముకకు అతుక్కుంటుంది, కొన్నేళ్ళలో ఎముక దాని వేరును కొద్దికొద్దిగా తినేస్తుంది. దవడ ఎదిగేకొద్దీ ఆ పన్ను మాత్రం పైకే ఉండిపోయి పొట్టిగా కనిపిస్తుంది. అయినా పెడతాం, ఎందుకంటే అది ఉన్నంతకాలం ఎముక నిలుస్తుంది, ఖాళీ కనపడదు. ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, పెట్టాలంటే దవడ ఎదుగుదల ఆగాలి, అంటే పద్దెనిమిదేళ్ళు దాటాక. ఏడో తరగతి నుంచి అప్పటిదాకా తీసి పెట్టుకునే పన్నుతో నెట్టుకురావాలి. త, ద, న అక్షరాలు ముందు పళ్ళు లేకుండా ఎలా పలుకుతాయో తెలుగు మాస్టార్లకు నేను చెప్పేదేముంది.

ఇవి అరుదుగా జరిగేవి కావు. 12 ఏళ్ళలోపు పిల్లల్లో ఇంచుమించు 20 శాతం మందికి పంటికో నోటికో దెబ్బ తగులుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దగ్గర కబడ్డీ, కార్క్ బంతి క్రికెట్, సైకిళ్ళు, పాచి పట్టిన రేవు మెట్లు, ఇంటర్వెల్‌లో బెంచీల మీద నుంచి దూకడాలు ఉండనే ఉన్నాయి. మండల స్థాయి, జిల్లా స్థాయి ఆటల పోటీలకు పంపేటప్పుడు మోకాళ్ళకు ప్యాడ్లు కొంటున్నారు, నోటికి పెట్టుకునే మౌత్‌గార్డు గురించి ఎవరూ అడగడం లేదు. ఎత్తు పళ్ళున్న పిల్లలకైతే అది తప్పనిసరి అని నా అభిప్రాయం. పోటీలు జరిగే గ్రౌండులో ఐస్ ప్యాక్, అయోడిన్ సీసా పెట్టే టేబుల్ మీదే ఒక పాల ప్యాకెట్టు కూడా పెట్టించండి.

మా డాక్టర్ల తప్పు సంగతి చెప్తానన్నాను. మధ్యాహ్నం, ఆదివారం తలుపులేసుకుని, బోర్డు మీద ల్యాండ్‌లైన్ నంబరు ఒకటి రాసి ఊరుకుంటాం. అది ఎప్పుడో పనిచెయ్యడం మానేసి ఉంటుంది. ప్రతి మండలంలో ఇలాంటి కేసు ఏ వేళకొచ్చినా చూడడానికి ఒప్పుకునే డాక్టర్ల పేర్లు, సెల్ నంబర్లు మేమే రాసిస్తాం. ఇప్పటికే నాతో చదువుకున్న కొందరిని అడిగాను, కాదన్నవాళ్ళు తక్కువ. ఆ జాబితా ప్రతి బడి నోటీసు బోర్డు మీద, బస్సులున్న ప్రైవేటు బడులైతే డ్రైవరు దగ్గర కూడా ఉండాలి. ఎవరూ దొరక్కపోతే భీమవరం, రాజమహేంద్రవరం వైపు డెంటల్ కాలేజీలున్నాయి. పన్ను గుంటలో ఉంటే, కనీసం పాలల్లో ఉంటే, అంత దూరమైనా వెళ్ళొచ్చు.

స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో నాకు ఇరవై నిమిషాలు ఇప్పించండి. ప్లాస్టర్ దవడ, ప్లాస్టిక్ పళ్ళు నేనే తెచ్చుకుంటాను. ప్రతి టీచరు చేతా ఒక్కసారి పన్ను పట్టించి గుంటలో పెట్టిస్తాను. ఒక్కసారి చేతికి తెలిస్తే భయం చాలావరకు పోతుంది. ఏ మండలం ముందో మీ ఇష్టం. నన్నడిగితే లంక గ్రామాల బడులతో మొదలుపెడదాం, గోదావరికి వరద రాకముందే.

ఇట్లు,
కోనసీమలో ప్రాక్టీసు చేస్తున్న ఒక దంత వైద్యురాలు